బురుజు నుంచి లోగిలికి: వేల్స్‌లో ట్రెటవర్ కోర్ట్ చరిత్ర

వేల్స్ ఆగ్నేయ భాగంలో, బ్రెకన్ నుంచి అబర్‌గవెనీ వైపు సాగే అస్క్ నది లోయలో, క్రిక్‌హౌవెల్ పట్టణానికి మూడు మైళ్ళ దూరాన ట్రెటవర్ అనే చిన్న ఊరుంది. ఉత్తరాన బ్లాక్ మౌంటెన్స్ కొండలు, పక్కనే రియాంగోల్ అనే వాగు, చుట్టూ పచ్చిక బయళ్ళు. ఈ ఊళ్ళో దగ్గర దగ్గరగా రెండు పాత కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి శిథిలమైన కోట. దాని నడుమ గుండ్రటి రాతి బురుజు ఒకటి ఇంకా నిలబడి ఉంది. రెండోది పైకప్పుతో సహా నిలిచి ఉన్న పెద్ద రాతి ఇల్లు, ట్రెటవర్ కోర్ట్. మధ్యయుగాల చివరి దశలో వేల్స్‌లోని సంపన్న కుటుంబం ఎలాంటి ఇంట్లో బతికిందో చూపే కట్టడాల్లో ఇంత నిండుగా మిగిలినవి చాలా తక్కువ. ఈ రెండు కట్టడాల మధ్య నడక కొద్ది నిమిషాలే. కాని ఆ కోటను వదిలి ఈ ఇంట్లోకి రావడానికి ఇక్కడి యజమానులకు మూడు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

కోట కథ నార్మన్లతో మొదలవుతుంది. 1066లో ఇంగ్లాండును గెలుచుకున్న నార్మన్ సేనానులు ఆ తరవాత వేల్స్ సరిహద్దుల్లోకి చొచ్చుకొచ్చారు. బ్రెకన్ ప్రాంతాన్ని ఆక్రమించిన బెర్నార్డ్ ద నఫ్‌మార్షే తన అనుచరుల్లో పికార్డ్ అనే వాడికి ఈ లోయలో భూమి ఇచ్చాడు. 1100 ప్రాంతంలో అతడు మట్టి దిబ్బ పోయించి, దాని మీద కొయ్య కోట కట్టుకున్నాడు. 12వ శతాబ్దం మధ్యలో అతడి వారసులు కొయ్య తీసేసి, దిబ్బ చుట్టూ రాతి గోడ లేపారు. 13వ శతాబ్దంలో ఆ గోడ లోపలి గదులను పడగొట్టి, వాటి స్థానంలో గుండ్రటి బురుజు నిలబెట్టారు. నలువైపులా ఒకే తీరుగా కాపు కాయగల ఇలాంటి బురుజులు ఆ కాలంలో సరిహద్దు ప్రభువులకు చాలా ఇష్టం. వేల్స్ రాజకుమారులతో ఎప్పుడు యుద్ధం వస్తుందో తెలియని రోజులవి. ఇంట్లో సుఖం కన్నా గోడ మందమే ముఖ్యం.

1282-83లో ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్ స్వతంత్ర పాలనను అంతం చేశాక ఆ భయం కొంత తగ్గింది. అయినా సరిహద్దు ప్రాంతం నేరుగా రాజు చేతికి రాలేదు. అక్కడి ప్రభువులు సొంత న్యాయస్థానాలతో, సొంత పన్నులతో చిన్న రాజుల్లా ఏలుకునేవారు. ఈ కాలంలోనే పికార్డ్ వంశంలో మగ సంతానం ఆగిపోయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళ ద్వారా ట్రెటవర్ మొదట బ్లూయెట్ కుటుంబానికి, వారి నుంచి బార్క్‌లీ కుటుంబానికి చేరింది.

కోటకు చివరిసారి పని పడింది ఓవైన్ గ్లిన్‌దూర్ తిరుగుబాటు కాలంలో. 1400లో మొదలైన ఆ తిరుగుబాటు దాదాపు వేల్స్ అంతటా పాకింది. 1403లో సర్ జేమ్స్ బార్క్‌లీ రాజాజ్ఞ మేరకు ట్రెటవర్ కోటను గ్లిన్‌దూర్ సేనల మీద కాపు కాశాడు. తిరుగుబాటు అణగిపోయింది కాని, దాని నడుమ ఇంగ్లాండు పార్లమెంటు చేసిన చట్టాలు వేల్స్ ప్రజలను తమ గడ్డ మీదే రెండో తరగతి మనుషులను చేశాయి. వేల్స్ వాడు ముఖ్యమైన పదవి చేపట్టకూడదు, ఇంగ్లీషు పట్టణాల్లో భూమి కొనకూడదు. ఇంతటి అవమానం నుంచి ఒకటి రెండు తరాల్లోనే కొన్ని వేల్స్ కుటుంబాలు ఇంగ్లాండు రాజకీయాల్లోనే పెద్ద పీటల మీద కూర్చున్నాయి. ట్రెటవర్ కోర్ట్ కట్టినవారు అలాంటి కుటుంబమే.

ఆ కుటుంబ చరిత్రకు కేంద్రం ఒక స్త్రీ. ఆమె పేరు గ్వలాదిస్. తండ్రి డావిద్ గామ్ బ్రెకన్ ప్రాంతపు వేల్స్ యోధుడు. సాటి వేల్స్ వాళ్ళు ఎందరో గ్లిన్‌దూర్ వెంట నడిచినా, అతడు మాత్రం చివరిదాకా ఇంగ్లాండు రాజు పక్షాన నిలిచాడు; గ్లిన్‌దూర్ చేతికి చిక్కి, సొమ్ము చెల్లించి విడుదలయ్యాడు. గ్వలాదిస్ మొదటి భర్త బ్రెడ్‌వర్డైన్‌కు చెందిన రోజర్ వాన్. 1415 అక్టోబర్ 25న ఫ్రాన్సులో జరిగిన అజిన్‌కోర్ యుద్ధంలో ఆమె తండ్రి, భర్త ఇద్దరూ ఒకే రోజు చనిపోయారు. రాజు ప్రాణం కాపాడుతూ పడిపోయారని, ప్రాణం పోయే ముందు రాజు వాళ్ళకు నైట్ బిరుదు ఇచ్చాడని వేల్స్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ.

చిన్న పిల్లలతో మిగిలిన గ్వలాదిస్ రాగ్లన్‌కు చెందిన సర్ విలియం ఆప్ థామస్‌ను పెళ్ళి చేసుకుంది. అతడిదీ రెండో పెళ్ళే. మొదటి భార్య ట్రెటవర్‌ను కాపు కాసిన జేమ్స్ బార్క్‌లీకి వితంతువు. ఆ బంధుత్వం వల్ల రాగ్లన్‌తో, ట్రెటవర్‌తో విలియంకు సంబంధం కలిసింది; తరవాత సవతి కొడుకు దగ్గర ఆ ఆస్తులు కొనుక్కున్నాడు. రాగ్లన్ అతడి పేరున స్థిరపడింది 1432లో. ఒక్కొక్క పెళ్ళి, ఒక్కొక్క కొనుగోలు, ఒక్కొక్క కొలువు కలుపుకుంటూ ఆస్తి కూడబెట్టిన తీరు ఇది. విలియం 1445లో, గ్వలాదిస్ 1454లో మరణించారు. అబర్‌గవెనీ చర్చిలో పాలరాయి లాంటి మెత్తని అలబాస్టర్ రాతిలో చెక్కిన వాళ్ళ సమాధి ఇప్పటికీ ఉంది. లూయిస్ గ్లిన్ కోథి అనే వేల్స్ కవి ఆమె మీద స్మృతి కవిత రాశాడు. ఒక స్త్రీ మరణానికి ఆ కాలపు కవులు అంత గౌరవం ఇవ్వడం ఆమె స్థాయిని తెలియజేస్తుంది. రెండు వంశాలను ఒక్క తాటి మీద నిలిపింది ఆమే. మొదటి భర్త వల్ల కలిగిన కొడుకులు వాన్ వంశంగానూ, రెండో భర్త వల్ల కలిగిన కొడుకులు హెర్బర్ట్ వంశంగానూ పేరు పొందారు. సవతి తండ్రి ఇంట్లో పెరిగిన వాన్ సోదరులకు, హెర్బర్ట్ సోదరులకు మధ్య పంపకాల గొడవలకు బదులు, కలిసి యుద్ధం చేసేంత చనువు ఏర్పడింది.

హెర్బర్ట్ సోదరుల్లో పెద్దవాడు విలియం. 15వ శతాబ్దం మధ్యలో అతడు ట్రెటవర్‌ను తన తల్లి మొదటి పెళ్ళి కొడుకు, తనకు అన్న వరస అయిన రోజర్ వాన్‌కు ఇచ్చాడు. ఈ ఇంటి అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

రోజర్ కోటలో కాపురం పెట్టలేదు. దానికి కొంత దూరంలో, నేల మట్టంలో అప్పటికే ఉన్న నివాసాన్ని పెంచి కొత్త ఇంటిగా మార్చాడు. పాత బురుజు అలాగే మిగిలింది. అతిథులు రావడానికి, విందులు జరపడానికి, కుటుంబం ఏకాంతంగా ఉండడానికి బురుజులో వీలు లేదు. అదే మార్పు ఆ శతాబ్దంలో బ్రిటన్ అంతటా జరిగింది. ప్రభువు గొప్పతనం చూపేది గోడల మందం కాదు, ఎందరికి అన్నం పెట్టగలడు, ఎంత పెద్ద హాలులో కూర్చోబెట్టగలడు అన్నదే అయింది.

ట్రెటవర్ కోర్ట్ నలుచదరపు ముంగిలి చుట్టూ కట్టిన ఇల్లు. ఉత్తరం వైపు భాగం రెండంతస్తులది. పై అంతస్తులో విశాలమైన గదులు, వాటి ముందు ముంగిలి మీదకు పొడుచుకొచ్చిన కొయ్య నడవ. ముఖ్యులైన అతిథులకు, కుటుంబ సభ్యులకు విడిది కోసం తయారు చేసిన భాగమిది. పడమర వైపు భాగంలో పెద్ద హాలు ఉంది. ఇంటి ప్రాణం అదే. నేల నుంచి కప్పు దాకా మధ్యలో అటక లేకుండా, పైన ఓక్ దూలాలు, వాటి నుంచి వంగి దిగే కొయ్య ఆనికలు కనిపించేలా కట్టారు. గాలికి కప్పు కదలకుండా వాసాలకు అడ్డంగా బిగించిన వంపు కట్టెలను కూడా పువ్వు రేకుల ఆకారంలో తొలిచారు. కప్పు మీద రాతి పలకలు. అంత బరువును శతాబ్దాల పాటు మోసిన ఆ ఓక్ కప్పు పనితనం చూస్తే, 15వ శతాబ్దపు వడ్రంగుల మీద ఎనలేని గౌరవం కలుగుతుంది. వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ చేరలేదు.

అప్పటి హాలులో కూర్చునే చోటే మనిషి స్థాయిని చెప్పేది. ఒక చివర కాస్త ఎత్తైన వేదిక. దాని మీద యజమాని, అతడి భార్య, గౌరవ అతిథులు. కింద పొడవు బల్లల దగ్గర పరివారం, కౌలుదార్లు, బాటసారులు. రెండో చివర కొయ్య అడ్డుగోడ. దాని వెనక రొట్టెల గది, బీరు, వైను దాచే గది, వంటింటికి దారి. యజమాని కుటుంబం సొంతంగా ఉండే గది వేదిక వైపు ఉండేది. అంటే పని జరిగే పక్క ఒక చివర, పెద్దరికం ఉండే పక్క మరో చివర. వాన్ వంశస్థుల హాలులో వేల్స్ కవులకు ప్రత్యేక స్థానం ఉండేది. పండగలకు ఇంటింటికీ తిరిగే ఆ కవులు యజమాని వంశావళిని, వీరత్వాన్ని, అన్నదానాన్ని కఠినమైన ఛందస్సులో కీర్తించేవారు. ప్రతిఫలంగా తిండి, బస, బహుమానం దక్కేవి. లూయిస్ గ్లిన్ కోథి ఈ కుటుంబాన్ని పొగిడిన కవుల్లో ఒకడు. రోజర్ అన్న థామస్ హెర్గెస్ట్‌లో స్థిరపడ్డాడు. వేల్స్ సాహిత్యానికి ప్రాణప్రదమైన 'రెడ్ బుక్ ఆఫ్ హెర్గెస్ట్' రాతప్రతికి ఆ పేరు వచ్చింది కొంతకాలం అతడి వంశస్థుల ఇంట్లో ఉండడం వల్లనే. ఇంగ్లీషు రాజుల కొలువులో ఎదిగిన ఈ కుటుంబాలు సొంత భాషను మాత్రం వదులుకోలేదు. వేల్స్ సాహిత్యం ఆ గడ్డు శతాబ్దాన్ని దాటి మిగలడంలో ఇలాంటి ఇళ్ళ పాత్ర చాలా పెద్దది.

రోజర్ ఇల్లు కట్టుకుంటున్న ఆ ఏళ్ళలోనే ఇంగ్లాండు సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాల మధ్య అంతర్యుద్ధం రగిలింది. హెర్బర్ట్, వాన్ సోదరులు యార్క్ పక్షం. ఎదుటి పక్షానికి వేల్స్‌లో అండ ట్యూడర్ కుటుంబం. 1461 ఫిబ్రవరిలో హెరిఫర్డ్ దగ్గర మార్టిమర్స్ క్రాస్ వద్ద యార్క్ సేన గెలిచింది. అక్కడ పట్టుబడిన వారిలో ముసలి ఓవెన్ ట్యూడర్ ఉన్నాడు. అయిదో హెన్రీ రాజు వితంతువు, ఫ్రాన్సు రాజకుమారి కేథరిన్‌ను పెళ్ళాడిన వేల్స్ పెద్దమనిషి అతడు. అతడిని హెరిఫర్డ్ సంత వీధిలో తల నరికి చంపారు. వధ్యస్థలానికి నడిపించుకు వెళ్ళింది రోజర్ వాన్ అని చెబుతారు. ఓవెన్ కొడుకు జాస్పర్ తప్పించుకున్నాడు.

ఆ తరవాత కొన్నేళ్ళు ఈ సోదరులకు వెలుగు కాలం. విలియం హెర్బర్ట్ కొత్త రాజు నాలుగో ఎడ్వర్డ్‌కు వేల్స్‌లో కుడి భుజం. ఓవెన్ మనవడు, పసివాడైన హెన్రీ ట్యూడర్ సంరక్షణ హక్కు కూడా అతడికే దక్కింది. అందుకు 1,000 పౌండ్లు చెల్లించి, ఆ పిల్లవాణ్ణి రాగ్లన్‌లో తన పిల్లల మధ్య పెంచాడు. 1468లో పెంబ్రోక్ ఎర్ల్ పదవి వచ్చింది. మరుసటి ఏడే, 1469 జులైలో, ఎడ్జ్‌కోట్ యుద్ధంలో ఓడి, పట్టుబడి, శిరచ్ఛేదానికి గురయ్యాడు. హెర్గెస్ట్ థామస్ కూడా ఆ యుద్ధంలోనే పోయాడు. వేల్స్ పెద్ద కుటుంబాలు ఒక్క రోజులో ఎందరినో పోగొట్టుకున్న ఆ ఓటమిని కవులు జాతి విషాదంగా పాడారు.

రోజర్ వంతు 1471లో వచ్చింది. మే 4న ట్యూక్స్‌బరీలో లాంకాస్టర్ పక్షం కుప్పకూలాక, మిగిలిన జాస్పర్ ట్యూడర్‌ను పట్టుకొమ్మని రాజు రోజర్‌ను పంపాడు. జాస్పర్ అప్పుడు చెప్‌స్టోలో ఉన్నాడు. పట్టుకోవడానికి వెళ్ళిన రోజరే అతడి చేతికి చిక్కాడు. తండ్రిని చంపించిన పక్షపు మనిషి చేతికందగానే జాస్పర్ ఆలస్యం చేయలేదు. రోజర్ తల నరికించాడు. పదేళ్ళ నాటి హెరిఫర్డ్ హత్యకు ఇది బదులు. తరవాత జాస్పర్ పెంబ్రోక్ చేరి, పద్నాలుగేళ్ళ హెన్రీని వెంటబెట్టుకుని టెన్‌బీ రేవు నుంచి సముద్రం దాటి బ్రిటనీకి పారిపోయాడు. మరో పద్నాలుగేళ్ళకు ఆ పిల్లవాడే తిరిగివచ్చి, 1485 ఆగస్టు 22న బాజ్‌వర్త్ యుద్ధం గెలిచి ఏడో హెన్రీ అయ్యాడు. రోజర్ వాన్ హాలు కప్పు కింద కూర్చుని మాట్లాడుకున్న రాజకీయం మొత్తం అలా తలకిందులైంది.

ట్రెటవర్ రోజర్ కొడుకు సర్ థామస్ వాన్ చేతికి వచ్చింది. తండ్రి చావు తరవాత కొడుకు ఇంటికి చేసిన మార్పుల్లో ఆ కాలపు భయం స్పష్టంగా కనిపిస్తుంది. 1480 ప్రాంతంలో తూర్పు వైపు చదరపు ముఖద్వారం కట్టించాడు. తూర్పు, దక్షిణం పక్కల ఎత్తైన ప్రహరీ లేపి, దాని మీద సైనికులు నడుస్తూ కాపు కాయడానికి బాట, పైన పంటి గోడ పెట్టించాడు. ముంగిలి అలా నాలుగు వైపులా మూసుకుంది. నిజమైన సైన్యం ఫిరంగులతో వస్తే నిలిచే గోడలు కావవి. కాని పొరుగు శత్రువు గుంపుగా రాత్రి దాడి చేస్తే ఆపగలవు. అలాగే గుమ్మం ముందు నిలబడ్డ అతిథికి ఇంటివాడి దర్జా చెప్పగలవు. కోట వదిలి వచ్చిన కుటుంబం, తండ్రి తల పోగొట్టుకున్నాక మళ్ళీ కోట లక్షణాలను ఇంటికి తగిలించుకుంది.

థామస్ చేతులూ ఊరికే లేవు. 1483 అక్టోబరులో బ్రెకన్ ప్రభువు అయిన బకింగ్‌హమ్ డ్యూక్, మూడో రిచర్డ్ రాజు మీద తిరగబడి సేనతో బయలుదేరగానే, వాన్ వంశం వాళ్ళు వెనకనుంచి అతడి బ్రెకన్ కోట మీద పడి దోచుకున్నారు. వరదలు, ద్రోహం కలిసి డ్యూక్‌ను ముంచాయి. నవంబరు 2న సాలిస్‌బరీలో అతడికి మరణశిక్ష పడింది. అదే ఏడాది పాంటెఫ్రాక్ట్‌లో మరణశిక్షకు గురైన సర్ థామస్ వాన్ వేరే మనిషి, మన్మత్ ప్రాంతం వాడు. పేరు ఒకటే కావడంతో పుస్తకాల్లో ఇద్దరూ కలిసిపోతుంటారు. ట్రెటవర్ థామస్ 1485 మార్పును తట్టుకుని బతికాడు. మరుసటి ఏడు బ్రెకన్ ప్రాంతంలో కొత్త రాజు మీద అలజడి రేగి అణగినా, వంశం ఆస్తి మాత్రం చెదరలేదు. యార్క్ పక్షపు కుటుంబం ట్యూడర్ రాజుల కింద మళ్ళీ గౌరవనీయులైన భూస్వాములుగా స్థిరపడింది. 1536లో ఎనిమిదో హెన్రీ వేల్స్‌ను ఇంగ్లాండులో చట్టబద్ధంగా కలిపి, సరిహద్దు ప్రభువుల అధికారం రద్దు చేసి, ఈ ప్రాంతాన్ని బ్రెక్నాక్ కౌంటీ చేసినప్పుడు, కత్తి పట్టిన వంశం చట్టం, పన్ను, కౌలు లెక్కల మీద బతికే వంశంగా మారడం పూర్తయింది.

తరవాతి పెద్ద మార్పు 1630 ప్రాంతంలో చార్లెస్ వాన్ హయాంలో జరిగింది. పడమర భాగానికి ముంగిలి వైపు వరసగా, సమానమైన ఎడంతో కొత్త కిటికీలు పెట్టించాడు. ఏ గదికి ఎక్కడ వెలుగు కావాలో అక్కడ కన్నం పెట్టడం పాత పద్ధతి. బయటి నుంచి చూస్తే రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాలన్నది ఇటలీ నుంచి ఇంగ్లాండు మీదుగా వచ్చిన కొత్త అభిరుచి. కాపు బాటకు కప్పు వేసి, కిటికీలు బిగించారు. ఇక అక్కడ నడిచేది కావలి వాళ్ళు కాదు, వాన పడుతున్నా కాలక్షేపానికి అటూ ఇటూ తిరిగే ఇంటివాళ్ళు.

ఈ వంశం పేరు ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది ఇంటి చిన్న శాఖ వల్ల. ట్రెటవర్ విలియం వాన్ మనవలైన కవలలు హెన్రీ, థామస్ 1621లో అదే అస్క్ లోయలోని న్యూటన్ అనే ఇంట్లో పుట్టారు. హెన్రీ వాన్ ఇంగ్లీషులో రాసిన గొప్ప ఆధ్యాత్మిక కవుల్లో ఒకడు. 'సైలెక్స్ సింటిలాన్స్' అనే అతడి సంపుటి 1650లో వచ్చింది. బతుకుతెరువుకు వైద్యం చేస్తూ జీవితంలో ఎక్కువ భాగం లోయలోనే గడిపి 1695లో మరణించాడు. తమ్ముడు థామస్ రసవాదం మీద పుస్తకాలు రాశాడు. వేల్స్ భాషా కవులను పోషించిన ఇంటి మనవడు ఇంగ్లీషు కవిగా పేరు తెచ్చుకోవడం ఆ రెండు శతాబ్దాల్లో అక్కడి పెద్ద కుటుంబాలు ఎటు మళ్ళాయో చూపుతుంది.

18వ శతాబ్దంలో వాన్ వంశానికి ట్రెటవర్‌తో బంధం తెగింది. 1783లో ఇల్లు అమ్ముడుపోయి వ్యవసాయ క్షేత్రమైంది. దొరల హాలులో పంట, పనిముట్లు నిలవ చేశారు. పాత కోట ఆవరణలో కొట్టాలు లేచాయి. చూసినవారికి ఇది అవమానంగా తోచవచ్చు. నిజానికి ట్రెటవర్ కోర్ట్‌ను కాపాడింది ఆ రైతు కాలమే. అదే రోజుల్లో డబ్బున్న భూస్వాములు తమ పాత ఇళ్ళను పడగొట్టి, కొత్త ఫ్యాషన్ భవంతులు కట్టుకున్నారు. ఎన్నో మధ్యయుగపు హాళ్ళు అలా నామరూపాలు లేకుండా పోయాయి. రైతుకు కావలసింది వాన పడని కప్పు. అందుకే ఆ కప్పు మిగిలింది.

20వ శతాబ్దం తొలి దశాబ్దాలకు ఇల్లు శిథిలావస్థకు చేరింది. స్థానిక చరిత్ర ప్రియుల చొరవతో, 1930లలో ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది. వేల్స్ పురావస్తు తనిఖీ అధికారిగా పనిచేసిన రాలీ రాడ్‌ఫర్డ్ వంటివారి పర్యవేక్షణలో గోడలు సరిచేసి, కుళ్ళిన కొయ్యను మార్చి, ఏ భాగం ఏ కాలానిదో విడదీసి చూశారు. ఇప్పుడు కోట, ఇల్లు రెండింటినీ వేల్స్ ప్రభుత్వ వారసత్వ సంస్థ కాడూ చూసుకుంటోంది. 1990ల మొదట్లో ఇంటి పక్కన 15వ శతాబ్దపు తీరులో తోట వేశారు. 2010లో హాలు, వంటిల్లు, రొట్టెల గది, బీరు, వైను గదులను వాన్ కుటుంబం ఉచ్చ దశలో ఎలా ఉండేవో అలా సామాన్లతో అమర్చారు. హాలు గోడకు ఆ కుటుంబ గాథను బొమ్మలుగా చిత్రించిన పెద్ద గుడ్డ వేలాడుతోంది.

ఈ పనిలో అందరూ మెచ్చుకోదగ్గ నిర్ణయం ఒకటుంది. సామాన్లు 15వ శతాబ్దపువే అయినా, 1630 నాటి కిటికీలను తీసేసి గోడను వెనకటి కాలానికి మార్చలేదు. థామస్ ప్రహరీ మీద చార్లెస్ వేయించిన కప్పునూ ఉంచారు. అందువల్ల ముంగిలి మధ్య నిలబడితే తండ్రి కట్టిన హాలు, కొడుకు లేపిన ముఖద్వారం, వాళ్ళ వారసుడు తెరిపించిన కిటికీలు మూడూ విడివిడిగా గుర్తుపట్టవచ్చు.